డెస్మండ్ సముద్రం

"దించండయ్యా! ముందు దాన్ని దించండి!" డెస్మండ్ మేడ మీది బాల్కనీ నుంచి అరిచాడు.

మున్సిపల్ కౌన్సిల్ పనివాళ్లు వినిపించుకుంటేగా! అతని ఇంటి ఎదురుగా, తీరం పక్క పార్కులో ఇల్లంత బోర్డు నిలబెట్టి బోల్టులు బిగిస్తున్నారు. 'ఇక్కడ మూడు నీలగిరి చెట్లకు విషం పెట్టి చంపారు. చంపిందెవరో తెలిస్తే చెప్పండి' అని దాని మీద రాసి ఉంది. ఇన్నాళ్లూ చెట్ల వల్ల కనిపించని సముద్రం, ఇవాళ్టి నుంచి బోర్డు వల్ల కనిపించదు.

డెస్మండ్ పరుగున కిందికి దిగాడు. "ఎవడో వెధవ చేసిన పనికి నాకెందుకమ్మా ఈ శిక్ష?" అని కౌన్సిల్ ఆఫీసరు రోండా మీద విరుచుకుపడ్డాడు. ఆ వెధవెవరో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. చెట్ల మానులకు కన్నాలు పెట్టిన డ్రిల్లు అతనిదే, వాటిలో పోసిన విషం డబ్బా అతనిదే.

"మిమ్మల్నెవరన్నారు సార్? కొత్త మొక్కలు నాటాం. అవి మనిషెత్తు ఎదగ్గానే బోర్డు తీసేస్తాం."

"ఎదక్కపోతే?"

"ఎదిగేదాకా ఉంటుంది."

సిడ్నీ శివార్లలో కౌన్సిల్ మాటకు తిరుగులేదు. సరే, మనిషెత్తేగా, అనుకున్నాడు డెస్మండ్. ఆపైన ఎదిగితే డ్రిల్లు ఇంట్లోనే ఉంది.

మర్నాటి నుంచి అతన్ని చూడాలి! పొద్దున్నే నీళ్ల గొట్టంతో హాజరు. ఎరువులు, కర్రల ఊతాలు, చుట్టూ వలలు. పక్కింటి కుక్క కాలెత్తితే దాని యజమానితో యుద్ధమే.

"పెళ్లయి ముప్పయ్యేళ్లు. నాకు ఒక్కనాడైనా గ్లాసుడు నీళ్లిచ్చిన పాపాన పోయావా?" అంది భార్య మాక్సీన్.

"నువ్వు సముద్రానికి అడ్డం లేవుగా!"

రెండేళ్లకు మొక్కలు మనిషెత్తయ్యాయి. లారీ వచ్చింది, బోర్డు దిగింది. బాల్కనీలో కుర్చీ వేసుకుని, బీరు మూత తీసి, ఎదురుగా మెరిసే నీళ్లను చూసిన డెస్మండ్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

"జన్మ తరించిందే మాక్సీన్!"

కింద నుంచి రోండా కేకేసింది. "శుభవార్త సార్! మీ సేవ చూసి కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ ఏడాది 'చెట్ల నేస్తం' మీరే!"

"అబ్బే, నాకెందుకమ్మా అవన్నీ..." మొహమాటంగా నవ్వాడు డెస్మండ్.

అంతలో వీధి మలుపులో రెండో లారీ కనిపించింది. దాని మీద మొక్కకు నీళ్లు పోస్తున్న డెస్మండ్ బొమ్మతో కొత్త బోర్డు, రెండంతస్తుల ఎత్తున.

"దీ... దీన్నెక్కడ పెడతారు?"

"ఇంకెక్కడ సార్, పాత బోర్డు గుంతల్లోనే! పైగా ఇది ఉక్కుది, ఎన్నటికీ తీయం!"