దర్జీ దగ్గు

దర్జీకి దగ్గు రాగానే, భార్య రికార్డర్ని ఆయన నోటి దగ్గరికి జరిపింది.

"అక్కర్లేదు పిన్నిగారూ, దూరంగా ఉన్నా వినిపిస్తుంది," అంది దాన్ని తెచ్చిన అమ్మాయి. ఆమె మెడలో ఆస్పత్రి కార్డు ఉంది. క్షయ రోగులు మందులు సగంలో ఎందుకు మానేస్తారో తెలుసుకోవడానికి నెలల తరబడి ఇళ్లకు తిరుగుతోంది.

మొదట్లో ఈయన కుట్టుమిషన్ తొక్కుతూనే మాట్లాడేవాడు. ఇప్పుడు పక్క మీంచి లేవడం లేదు.

"బాబాయిగారూ, ఆస్పత్రికి వెళ్లడం ఎప్పుడు మానేశారు?"

"నువ్వు రావడం మొదలెట్టాక."

అమ్మాయికి అర్థం కాలేదు.

"అక్కడ తలెత్తకుండానే చీటీ రాసి పంపించేస్తారు. నువ్వేమో ఇంటికొచ్చి, నిద్రపట్టిందా, ముద్ద దిగిందా అని అడుగుతావు. చెప్పిందంతా వింటావు. ఇంక అక్కడికి దేనికమ్మా?"

"మరి మాత్రలు?"

"కడుపులో తిప్పుతోంది, మానేస్తానని ఈయన నీతోనే అన్నారుగా," అంది భార్య. "నువ్వు తలూపావు."

ఎవరేం చెప్పినా అడ్డుచెప్పకుండా తలూపాలని ఈ పనిలో చేరినప్పుడు అమ్మాయికి నేర్పించారు.

"నేను డాక్టర్ని కాదండీ. మొదటిరోజే చెప్పాను."

"చెప్పావు," అంది భార్య. "బాగా చదువుకున్నవాళ్లు అణకువగా అలాగే అంటారులే అనుకున్నాం."

దర్జీ మళ్లీ దగ్గాడు. ఊపిరి అందాక అమ్మాయి వైపు తిరిగాడు.

"ఇన్నాళ్లూ విన్నావుగా. మళ్లీ మాత్రలు మొదలెడితే తగ్గుతుందా?"

ఆ ఇంట్లో మొదటిసారిగా అమ్మాయి తల ఊపలేదు.

భార్య కాసేపు ఆమె ముఖంలోకే చూసింది. తర్వాత రికార్డర్ తీసి ఆమె చేతిలో పెట్టేసింది.