కడిగిన ఫిల్టరు

"ఆ మూత తియ్యప్పా ముందు! ఆమె తిరుచానూరు దాటిందంట" అని మేనేజర్ ధనంజయ కేకేశాడు.

మునివెంకటప్ప చేతిలో చీపురు అక్కడే పడేసి హాట్ టబ్బు దగ్గరికి పరుగెత్తాడు.

"ఎవరు సార్?"

"రెండు వారాల కింద, బుధవారం, మూడో నంబరు కాటేజీలో దిగినారే చిత్తూరోళ్లు. ఈ టబ్బులో ఆడుకునిందే ఒక బిడ్డ, దాని తల్లి. పొద్దున ఫోన్ చేసి ఏమడిగిందో తెలుసా? 'మేము పోయినాక టబ్బు ఫిల్టరు కడిగినారా, దాంట్లో వెంట్రుకలు సిక్కుకోనుంటాయా' అని. దినామూ కడుగుతామమ్మా అన్నాను. అయినా నా కండ్లతో ఒకసారి సూస్తానంటాది. నిజం చెప్పు, కడిగినావా లేదా?"

ప్రతి శుక్రవారం ఫిల్టరు తీసి కడగాలన్నది ఆ రిసార్టులో పద్ధతి. రెండు శుక్రవారాలుగా మునివెంకటప్ప దాన్ని ముట్టలేదు.

"మీరే కదా సార్, జనం ఎక్కువున్నారని పరుపులు మొయ్యను పంపిచ్చినారు."

"నా మీదికి తోస్తావా? ఆమె వీడియో తీసి నలుగురికీ పంపిందనుకో, ఈ గడప ఇంకెవుడూ తొక్కడు. సూడు, ఆ ఫిల్టరులో ఒక్క వెంట్రుక కనబడినా నువ్వు ఈ పొద్దే ఇంటికి పో. రేపట్నుంచి రావద్దు."

యాభై రెండేళ్ల మనిషికి ఇంకో చోట పని ఎవరిస్తారు? మునివెంకటప్ప మోటారు ఆపి, మూత తిప్పి, ఫిల్టరును పైకి లాగాడు. మూరెడు పొడుగు గొట్టం, చుట్టూ సన్నటి మడతలు. తెల్లగా ఉండాల్సినవి పచ్చబడి ఉన్నాయి. కొండకు పోయేముందు దిగినవాళ్ల తలనూనె, కొండ దిగి వచ్చినవాళ్ల గుండ్ల మీది గంధం, అన్నీ చేరేది ఆ మడతల్లోకే. పైభాగాన నల్లటి జుట్టు ఉండ ఒకటి చుట్టుకుని ఉంది. సన్నటి, పొడవాటి వెంట్రుకలు.

ధనంజయ ముక్కు మూసుకున్నాడు. "థూ! ఎంత జుట్టప్పా ఇది! సవరం కుట్టిచ్చి మీ ఇంటామెకియ్యి, పండక్కి పెట్టుకుంటాది."

మునివెంకటప్ప నవ్వలేక నవ్వాడు. చిక్కు తీసే ఓపిక లేక గోళ్లతో ముద్దగా పెరికాడు.

"యాడ పారేసేది సార్?"

"చెత్తబుట్టలో ఏస్తే ఆమె అదీ తిరగేస్తాది. కాల్చెయ్."

ప్రహరీ గోడ పక్కన ఎండుటాకుల కుప్ప కాలుతూ ఉంది. జుట్టు అందులో వేశాడు. తడి మీద కాసేపు చురచురలాడింది. ఆ తర్వాత ముడుచుకుని, కమురు వాసన విడిచి, ఏమీ లేకుండా పోయింది.

వచ్చి పైపు పెట్టి ఒక్కో మడతా విడదీసి కడిగాడు. అడుగు మడతలో ఇంకొక్క వెంట్రుక అంటుకుని ఉంటే వేలికి చుట్టి లాగి కాలువలోకి విదిలించాడు. జిడ్డు వదిలింది కానీ పసుపు మరక వదల్లేదు. ధనంజయ గడియారం చూసుకున్నాడు. స్టోరు రూము తాళం తీసి, అట్టపెట్టెలో ఉన్న కొత్త ఫిల్టరు తెచ్చాడు. ఆరు నెలలుగా అడుగుతుంటే లేదు లేదన్న ఫిల్టరు.

"మనకాడ ఉండాదా సార్ ఇది?"

"నోరు మూసుకోని బిగించు."

బిగించి మోటారు వేసేసరికి ఆమె వచ్చింది. రిసెప్షన్ పుస్తకంలో రాసి ఉన్న పేరు కోమలి. ముప్పై ఏళ్లుంటాయి. కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. టబ్బు గట్టు దగ్గర ఆగి గాలి పీల్చింది.

"ఏందో కాలినట్టుండాదే."

"ఆకులు మేడమ్. దోమలు పోవాలని" అన్నాడు ధనంజయ.

"ఫిల్టరు తీస్తారా?"

మునివెంకటప్ప తీసి రెండు చేతులతో అందించాడు. కొత్త పంచెలా తెల్లగా మెరుస్తోంది. ఆమె గట్టు మీద కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, మడతలు ఒక్కొక్కటే వేలితో విప్పి చూసింది. చుట్టూ చూడడం అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూసింది. మునివెంకటప్ప ఆ వేళ్లనే చూస్తున్నాడు.

"ఇది కొత్తది కదా. ఆ పొద్దు ఉన్నింది యాడ?"

తెమ్మని ధనంజయ కనుసైగ చేశాడు. మునివెంకటప్ప పాతది తెచ్చిచ్చాడు. నీళ్లు కారి చీర తడుస్తున్నా ఆమె దాన్నీ అట్లాగే వెతికింది. లోపలి గొట్టంలోకి వేలు పెట్టి చూసింది. బోర్లించి చూసింది.

"ఇంత శుభ్రం తిరుపతి మొత్తంలో ఇంకో చోట సూపించండి మేడమ్" అన్నాడు ధనంజయ. అతని గొంతు అప్పటికి తేలికపడింది.

మునివెంకటప్పకు కూడా ధైర్యం వచ్చింది. "స్వామి మీద ఒట్టమ్మా. మీరెంత ఎతికినా ఒక్క వెంట్రుక దొరకదు. దొరికితే నా సెప్పుతోనే నన్ను కొట్టండి."

శభాష్ అన్నట్టు ధనంజయ అతని భుజం తట్టాడు.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఫిల్టరు ఒళ్లోంచి దించలేదు.

"పాపకు గుండు కొట్టిచ్చి, జుట్టంతా స్వామికిచ్చి ఇంటికి పోతావుంటే పూతలపట్టు కాడ మా కారును లారీ గుద్దింది. పాప ఆడికాడే పోయింది" అంది. "ముందు దినం ఈడ ఆడుకునింది కదా, దాని వెంట్రుక ఒక్కటన్నా మీకాడ మిగిలుంటాదని వచ్చినాను నాయనా."