కమ్మీల దగ్గర పెద్దాయన

“కాస్త పక్కకు జరుగుతారా? ఇది మా అమ్మాయి వంతు.”

ఆసుపత్రిలో నడక నేర్పే గదిలో, జంట కమ్మీల మధ్య నిలబడ్డ పెద్దాయన తల తిప్పి చూశాడు. ఒక అడుగు పడింది. రెండోది ఇంకా నేలకు ఆనలేదు.

“అమ్మా, ఆయన్ని పూర్తి చేయనీ,” అంది కూతురు చక్రాల కుర్చీలోంచి.

“నువ్వూరుకో.”

పెద్దాయన నవ్వి, ఫిజియో భుజం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

“రా తల్లీ. నేనేమన్నా పరుగు పందేనికి వెళ్లాలా?”

అంతరిక్ష కేంద్రంలో ఏడాది ఉండి, ఆ కూతురు నేల మీదికి దిగి నెల కావస్తోంది. మనిషి వచ్చింది గానీ, కాళ్లు ఇంకా రాలేదు. నిలబడితే గది తిరుగుతుంది. మోకాళ్లు వంగిపోతాయి.

ఆ ఏడాదంతా తల్లికి ఒకటే భయం, పిల్ల తిరిగి రాదేమోనని. వచ్చాక కూడా ఆ భయం ఇల్లు వదల్లేదు. కూతురు కునుకు తీస్తుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి తగిలినా చేయి తీయబుద్ధయ్యేది కాదు.

మనవరాలిది ఇంకో బాధ. ఎత్తుకోబోయి వాళ్లమ్మ తూలిపడిన నాటి నుంచి ఆ పసిది అమ్మ దగ్గరికి పోవడం లేదు. అమ్మమ్మ వెనక దాక్కుని తొంగి చూస్తుంది, అంతే.

పెద్దాయన మాత్రం తన వంతు అయిపోయినా వెళ్లేవాడు కాదు. కూర్చుని ఆ అమ్మాయి కాళ్లే చూసేవాడు.

“తుంటి దగ్గర లాగుతోందా తల్లీ?”

“లాగుతోంది బాబాయి గారూ.”

“లాగాలి. మంచిదే.”

“ఈసారి అంగారకుడి మీదికి పంపుతారట. అక్కడ దిగితే పట్టుకోడానికి ఎవరూ ఉండరు. నాకు నేనే నిలబడాలి.”

“నిలబడతావు.”

“మళ్లీ ఆ మాటెత్తావంటే చూడు!” అని తల్లి కసిరింది.

కూతురు నాలుగడుగులు వేసింది. “పనిచేస్తోంది,” అని పెద్దాయన తనలో తను గొణుక్కున్నాడు.

తల్లికి ఒళ్లు మండింది. ఈయనకెందుకట ఇవన్నీ?

ఒకరోజు కూతురు కమ్మీ వదిలి చూడబోయి దబ్బున పడింది. మనవరాలు కెవ్వుమంది.

“ఏం ఫర్వాలేదు. లే తల్లీ, మళ్లీ వదులు,” అన్నాడు పెద్దాయన.

తల్లి దాచుకున్న భయమంతా ఆయన మీద విరుచుకుపడింది.

“మీ సలహాలు మాకొద్దు! మా అమ్మాయి అందరి కోసం ప్రాణాలకు తెగించి వెళ్లి ఇలా అయింది. మీకేం వచ్చింది?”

“పడుకున్నానమ్మా.”

“ఏంటీ?”

“వయసులో ఉండగా తెగ పడుకున్నాను. ఎముకలు గుల్లబారాయి.”

“బాగుంది! మంచం దిగని మనిషికి నడిచేవాళ్ల కష్టం ఏం తెలుస్తుంది?”

ఫిజియో ఏదో అనబోయాడు. పెద్దాయన చేయెత్తి ఆపాడు.

“నిజమేనమ్మా,” అని, కూతురి వైపు తిరిగాడు. “నువ్వు లే.”

ఆమె లేచింది.

ఆ తర్వాత ఆయన గోడవారగా కూర్చునేవాడు, పలకరించేవాడు కాదు. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. తల్లికి హాయిగానే అనిపించింది.

చివరికి కూతురు కమ్మీలు వదిలి నడిచింది. గది ఆ చివరిదాకా నడిచింది. మనవరాలు తనంతట తనే ఎదురెళ్లి చేతులు చాచింది. కూతురు వంగి, ఎత్తుకుని, నిలబడింది.

తల్లి గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కాస్త తేరుకున్నాక గదంతా కలయజూసింది.

“పెద్దాయన రావడం లేదేం? ఆ రోజు నోరు జారాను. తప్పయిందని చెప్పాలి.”

ఫిజియో తల దించుకున్నాడు.

“పోయారమ్మా. స్నానాల గదిలో పడి తుంటి విరిగింది. ఇక లేవలేదు.”

ఆమె ఆయన కూర్చునే గోడవారకేసి చూసింది.

“ఆయనెవరో మీకు చెప్తానంటే ఒప్పుకోలేదు. ‘నా కాళ్లు ఎందుకిలా అయ్యాయో తెలిస్తే ఆ పిల్ల బెదిరిపోతుంది. నడిచేదాకా చెప్పకు’ అన్నారు.”

“ఎవరు బాబూ ఆయన?”

“ఆకాశంలో ఎక్కువకాలం ఉంటే మనిషి ఎముకలు ఏమవుతాయో ఎవరికీ తెలియని రోజుల్లో, ఆ స్థితిని నేల మీదే పరీక్షించే ప్రయోగం కోసం తలవైపు పల్లంగా దించిన మంచం మీద నెలల తరబడి కదలకుండా పడుకుని, మీ అమ్మాయి చేత నేను చేయించిన ప్రతి వ్యాయామాన్నీ తన ఎముకలిచ్చి మాకు నేర్పిన మనిషమ్మా.”