మూడో నెల సరుకులు

రెంటచింతల ఎండలకు తాళలేక జనం ఏటా నాలుగు నెలలు ఉత్తరధ్రువంలో తలదాచుకుంటున్న రోజులవి. ప్రయాణంలో సామానుకు గ్రాముల లెక్కన కిరాయి. అందుకే రోజూ ఇంటిల్లిపాదికీ నాడి చూసే గోడయంత్రమే, ఎవరికెంత తిండి పడుతుందో అంచనా వేసి సరుకుల చీటీ రాసేది.

బియ్యం కొలుస్తున్న తిరుపతమ్మ చెయ్యి ఆగింది. "ఏమయ్యా, మనం ముగ్గురం గదా. మూడో నెల నుంచి ఇద్దరికే రాసిందేంది?"

మూట కడుతున్న బ్రహ్మయ్య ముఖం పాలిపోయింది. "పోయినేడు మా నాయనకూ ఇట్టానే తగ్గించి రాసింది. పొరపాటేమో అనుకున్నా. ఆయన అక్కడే పోయాడు," అన్నాడు మెల్లగా.

తిరుపతమ్మ చీటీ మళ్లీ మొదటి నుంచి చదివింది. కూతురి పాలపొడి నాలుగు నెలలకూ ఉంది. మొగుడి చుట్టలూ ఉన్నాయి. కాఫీపొడి మాత్రం రెండు నెలలకే రాసి ఉంది.

ఆ ఇంట్లో కాఫీ తాగేది తనొక్కతే.