చచ్చినవాళ్ళ గది

"మళ్ళీ చచ్చిందిరా!"

డ్రైవింగ్ స్కూలు మాస్టారు పాచికల్ని బల్లకేసి కొట్టాడు. చచ్చింది ఆయన భార్యే. ఆటలో లెండి, నిజంగా కాదు.

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఆ ఇంటి హాల్లో నలుగురూ చేరతారు. మాస్టారు కథ చెబుతూ ఆట నడుపుతాడు. ఆటలో ఆయన తమ్ముడిది కత్తివీరుడి పాత్ర. గుండు అని అందరూ పిలిచే స్నేహితుడు విలుకాడు. భార్య వైద్యురాలు. ముగ్గురూ కలిసి ఒక కోటని గెలవాలి. ఎవరేం చేస్తామన్నా, అది జరిగేదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి.

వైద్యురాలు బతికుంటేనే మిగతా ఇద్దరి గాయాలూ మానతాయి. ఆవిడేమో ఊరికే చస్తోంది. ఒకసారి విషం అని రాసి ఉన్న బావిలో నీళ్ళు తాగింది. ఇంకోసారి నిద్రపోతున్న రాక్షసుడి ముక్కులో గడ్డిపరక పెట్టింది. ఏం మనిషండీ!

"ఏడాదిగా ఆ కోట గుమ్మం తొక్కలేకపోతున్నాం. అంతా నీ వల్లే," అన్నాడు మాస్టారు. "బుర్రలో ఏముంది నీకు, మట్టా?"

"నాకీ ఆట రాదని మొదట్లోనే చెప్పాను. ఒక మనిషి తక్కువయ్యాడని మీరేగా కూర్చోబెట్టారు."

"నోరు లేస్తోందే!"

వారమంతా బండి నేర్చుకునేవాళ్ళ మీద అరిచి అరిచి ఆ గొంతుకి అదే అలవాటైపోయింది. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా బ్రేకు మాత్రం ఆయన కాలి కిందే ఉండాలి. ఇంట్లోనూ అంతే.

మొదట్లో రూలు చిన్నదే. చచ్చినవాళ్ళు కొత్త పాత్రతో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. ఆవిడకి చీమ కుట్టినట్టైనా లేదు. దాంతో మాస్టారు రూలు బిగించాడు.

"ఇకమీదట చచ్చినవాళ్ళు ఆట అయ్యేదాకా లోపలి గదిలో తలుపేసుకుని కూర్చోవాలి. శవాన్ని ఎవరూ పలకరించకూడదు."

లోపలి గదిలోనే ఆవిడ కుట్టుపని. బట్టలిచ్చేవాళ్ళు హాల్లోంచి తిరగడం మాస్టారికి గిట్టదు. అందుకని వెనక మెట్లెక్కి, ఆ వైపు తలుపు దగ్గరే ఇచ్చిపోతారు. చేత్తో పట్టుకుపోయేంత చిన్న మోటారు కుట్టుమిషన్ అది. పెళ్ళికి ముందు తన సంపాదనతో కొనుక్కుంది. ఆ ఇంట్లో ఆవిడదంటూ ఉన్నది అదొక్కటే.

"మధ్యలో ఎవరైనా తలుపు తీస్తే?" అనడిగింది ఆవిడ.

"తీసినవాడి పాత్ర కూడా అక్కడికక్కడే చస్తుంది."

"మీరు తీస్తే?"

"నేను తీస్తే ఇక ఆటే ఉండదు. రూలంటే రూలు."

ఆ తర్వాత ఆవిడ ఇంకా తొందరగా చావడం మొదలుపెట్టింది. లోపల్నుంచి మిషన్ చప్పుడు టకటకమని వినిపించేది. "చచ్చినా కుట్టు మానదు మా వదిన," అని తమ్ముడు నవ్వాడు.

మాస్టారికి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది.

"శిక్ష వేస్తే హాయిగా కుట్టుకుంటున్నావా? వచ్చే ఆదివారం కోట మీదికి వెళ్తున్నాం. ఈసారి చచ్చావో, ఆ మిషన్ పాత ఇనుప సామాన్లవాడికే!"

"అది నాదండీ."

"అయితే బతుకు."

ఆ వారమంతా ఆవిడ మిషన్ మీంచి లేవలేదు. ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టి ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. మిషన్ ఎక్కడ పోతుందోనని భయపడుతోంది పాపం, అనుకున్నాడు తమ్ముడు.

ఆదివారం వచ్చింది. కోట గుమ్మం ముందు కాపలావాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. వైద్యురాలు వెనక నోరు మూసుకుని నిలబడితే చాలు.

"నేను వెళ్ళి, లోపల ఎవరైనా ఉన్నారా అని గట్టిగా అరుస్తాను," అంది ఆవిడ.

గుండు నెత్తి పట్టుకున్నాడు. "వద్దు చెల్లెమ్మా! మిషన్ సంగతి గుర్తుందా?"

"గుర్తుందన్నయ్యా. అరుస్తాను."

పాచికలు దొర్లాయి. ఈటె వచ్చి వైద్యురాలి గుండెల్లో దిగింది. ఇంతకంటే మొండిఘటం ఎక్కడైనా ఉంటుందా చెప్పండి!

"లే. లోపలికి పో," అన్నాడు మాస్టారు పళ్ళు నూరుతూ.

ఆవిడ లేచింది. కుర్చీ బల్ల కిందికి సర్దింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి టకటక మొదలైంది.

వైద్యం చేసేవాళ్ళు లేక ఇద్దరూ నెత్తురోడుతూ కోటలో తిరిగారు. తమ్ముడికి ఆకలేసింది. టీ ఇచ్చే దిక్కు కూడా లేదు.

"అన్నయ్యా, వదిన ఇందాకట్నుంచీ ఆపకుండా కుడుతోంది. దారమైనా మార్చుకోదా? ఒక్కసారి చూసొస్తాను."

"తలుపు ముట్టుకున్నావో, నువ్వూ చస్తావ్."

తమ్ముడు చప్పున కూర్చున్నాడు.

పొద్దుగూకే వేళకి కోట కప్పు కూలి కత్తివీరుడూ విలుకాడూ ఒకేసారి పోయారు. ఏడాది ఆట బూడిదలో పోసిన పన్నీరయింది. గుండు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"అంతా దీని వల్లే!" మాస్టారు కుర్చీ తన్నేసి లేచాడు. "ఇప్పుడే ఆ మిషన్ తీసుకుపోయి ఇచ్చేస్తా. ఏడవనీ!"

లోపల టకటక ఆగలేదు. మాస్టారు ధడాలున తలుపు తోశాడు.

వెనక తలుపు బార్లా తీసి ఉంది, మిషన్ ఉండాల్సిన చోట పగిలిన పాత ఫోను ఒక్కటే పడి ఉంది, అదే టకటకమని కుడుతోంది.