చల్లారాకే ఒలవాలి

"మళ్లీ ఊడొచ్చింది!" రేడియో మెకానిక్ కాగితాన్ని విసిరికొట్టాడు. ఇస్త్రీపెట్టె వేడికి రాగి బోర్డు మీద అతుక్కోవలసిన, టోనర్ సిరాతో అచ్చువేసిన సర్క్యూట్ గీతలు కాగితంతోనే లేచివచ్చాయి.

"వేడిమీదే ఒలిచేశావా నాన్నా?" అంది కూతురు.

"నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా, నాకే పాఠాలా? చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే ఒలిచాను. ఈ టోనరే దొంగ సరుకు." అరచేతిలోని బోర్డును ఆమె ముందుకు చాపాడు. "కావాలంటే పట్టుకు చూడు."

పట్టుకుందో లేదో, "అబ్బా!" అంటూ వదిలేసింది.

కూతురు వేళ్లు ఊదుకుంటుంటే, ఆయన తన అరచేతిని వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు. ఇంత బొబ్బ. ఎప్పుడు లేచిందో ఆయనకు తెలియనే లేదు.

"అయ్యో, నీ చెయ్యి! మండట్లేదా నాన్నా?"

ఏ మంటా తెలియని ఆ చేతిని ఆయన గబగబా ఊదుకున్నాడు.

"మండిపోతోందే తల్లీ," అన్నాడు.