పదిహేడో నంబరు డాక్టరు

“ఇక మన పదిహేడో నంబరు డాక్టరు దగ్గరికి వద్దాం,” అని ప్రొఫెసరు ఒక్క క్షణం ఆగాడు, నవ్వడానికి సిద్ధంగా ఉండమన్నట్టు.

హాలు సిద్ధంగానే ఉంది. ‘ప్రాథమిక వైద్యంలో వృథా’ అన్న ఆ ఉపన్యాసానికి ఆరోగ్య కేంద్రాల డాక్టర్లంతా రావాలని పైనుంచి కాగితం వచ్చింది. రోగులను రేపు రమ్మని పంపేసి మరీ వచ్చారు. గంటసేపటి నుంచి తోటి డాక్టర్ల తెలివితక్కువతనం గురించి వింటూ, ఆ చురకలన్నీ పక్క కుర్చీవాడికే అన్న ధీమాతో నవ్వుతున్నారు.

ప్రొఫెసరు చేసిన పరిశోధన అది. కిందటేడు ముగ్గురు నాటకాల వాళ్లను రోజు కూలికి మాట్లాడి, నలభై ఆరోగ్య కేంద్రాలకు రోగులుగా పంపాడు. అక్కడి డాక్టర్లకు పేర్లకు బదులు నంబర్లు పెట్టాడు. ముగ్గురికీ ఒకటే పాఠం: రెండు రోజులుగా నడుం నొప్పి. ఇంకేం అడిగినా ‘లేదు’ అనాలి. చొక్కా జేబులో రికార్డరు. ఉత్త నడుం నొప్పికి ఎవరెవరు ఎన్ని అక్కర్లేని పరీక్షలు రాస్తారో తేల్చడమే పని.

“ఈ మహాతల్లి మన రోగితో గడిపిన సమయం ముప్పై ఐదు నిమిషాలు. బయట ఎంతమంది పడిగాపులు కాస్తున్నారో పాపం. వినండి.”

వేదిక పక్కన కూర్చున్న సహాయకురాలు లాప్‌టాప్ మీట నొక్కింది. డాక్టరు ఎవరో తెలియకుండా గొంతును బొంగురుగా మార్చారు.

“బెల్టుకు ఈ కొత్త రంధ్రాలు మీరే పొడుచుకున్నారా?”

“లేదమ్మా.”

“మరెవరు?”

“నాకు నడుం నొప్పమ్మా.”

హాలు గొల్లుమంది.

“బరువు తగ్గారా?”

“లేదమ్మా.”

“ఆకలి తగ్గిందా?”

“లేదమ్మా. నడుమేనమ్మా.”

“పడుకోండి. పొట్ట చూస్తాను.”

చివరి వరసలో ఒక కుర్ర డాక్టరు కళ్లు తుడుచుకుంటూ పక్కనున్న డాక్టరమ్మ వైపు వంగాడు. “ఎవరండీ ఈవిడ, డాక్టరా, దర్జీనా?”

డాక్టరమ్మ నవ్వలేదు. గొంతు మార్చినా మాటలు తనవే. ముప్పై ఏళ్ల సర్వీసులో రోగి చెప్పింది విని ఊరుకోకపోవడం ఆమె అలవాటు. ఇంట్లో వాళ్లు దాన్ని చాదస్తం అంటారు. ఇప్పుడు దానికి ఒక నంబరు కూడా వచ్చింది.

“ఫలితం చూడండి,” అన్నాడు ప్రొఫెసరు. తెర మీద చీటీ ఒకటి వెలిగింది. “నాలుగు రక్త పరీక్షలు, ఒక స్కానింగు, పెద్దాసుపత్రికి సిఫారసు. రేపే వెళ్లమని మూడుసార్లు చెప్పింది. ఎవరికి? గుండ్రాయిలాంటి మనిషికి. అసలు మెచ్చుకోవాల్సింది మన నటుణ్ణి. అన్ని ప్రశ్నలడిగినా తొణకలేదు, పాఠం దాటి ఒక్క ముక్క మాట్లాడలేదు.”

చప్పట్లు మోగాయి.

ప్రశ్నల సమయం వచ్చింది. డాక్టరమ్మ లేచి మైకు అందుకుంది.

“పదిహేడో నంబరు నేనేనండి.”

కుర్ర డాక్టరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ముందు వరసలు మెడలు తిప్పాయి.

“మీ ధైర్యానికి సంతోషం,” అన్నాడు ప్రొఫెసరు. “మనసులో పెట్టుకోకండి.”

“ఆయన స్కానింగు చేయించుకున్నారా?”

మళ్లీ నవ్వులు. “డాక్టరుగారూ, ఆయన రోగి కాదు, నటుడు. గంట నుంచీ అదే చెబుతున్నాను.”

“నా చీటీ ఆయన దగ్గరే ఉందా?”

“చీటీలన్నీ అదే సాయంత్రం మాకు అప్పజెప్పాలి. అది నియమం. మీది మా బీరువాలో భద్రంగా ఉంది.”

“ఆయనకు జబ్బేం లేదని ఎవరు చూశారు?”

“నేనే అడిగాను. బాగానే ఉన్నానన్నాడు.”

“నాతోనూ అదే అన్నారు. కానీ కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగిలింది. నోటికి పాఠం నేర్పారు సరే. నా చేతికి తగిలింది కూడా పాఠమేనా?”

నవ్వులు కాస్త పలచబడ్డాయి. అది ప్రొఫెసరుకు నచ్చలేదు. ప్రతి సభలోనూ ఇలాంటి చాదస్తం ఒకటి తగులుతుంది. దాన్ని అందరి ముందే తుంచేయడం ఆయనకు బాగా చేతనైన పని.

“ఆయన ఫోన్ నంబరుందా?” సహాయకురాలిని అడిగాడు.

“ఉంది సార్. కానీ పనైపోయాక మళ్లీ మాట్లాడలేదు.”

“ఇప్పుడు మాట్లాడదాం. మైకు దగ్గర పెట్టు. డాక్టరుగారి బెంగ తీరుతుంది.”

ఫోను మోగే చప్పుడు హాలంతా వినిపించింది. కొందరు ముందుకు వంగి కూర్చున్నారు.

“కూర్చోండి మేడమ్, ఎందుకొచ్చిన గొడవ,” అన్నాడు కుర్ర డాక్టరు మెల్లగా.

ఆమె కూర్చోలేదు. ఆ నటుడు ఫోనెత్తాలి, ‘నాకేం, నిక్షేపంలా ఉన్నాను’ అనాలి. వీళ్లంతా తనను వెర్రిదాన్ని చేస్తే చేయనీ అనుకుంది. ఆ క్షణంలో ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

“హలో,” అంది ఓ ఆడపిల్ల గొంతు. “నాన్న ఫోనండీ ఇది. ఎవరు?”

ప్రొఫెసరు సభ వైపు చూసి కన్ను గీటాడు. “పరిశోధన కేంద్రం నుంచమ్మా. కిందటేడు మీ నాన్నగారు మా దగ్గర రోగి వేషం వేశారు. అద్భుతంగా వేశారు. ఒక్కసారి ఆయనకివ్వు. ఇక్కడ మూడొందల మంది ఆయన గొంతు కోసం ఎదురుచూస్తున్నారు.”

హాలు మళ్లీ నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా అవతలి గొంతు ఓపిగ్గా ఆగింది.

“నాన్న పోయి నాలుగు నెలలైందండీ.”